ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో రక్తంలోని డీఎన్‌ఏ ఏం చెబుతుంది, ఎప్పుడు చెప్పలేకపోతుంది

ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిన మనిషి ఉన్న ఇంట్లో అందరికీ నోటికొచ్చిన మాట పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష. కొన్ని నెలలకోసారి రక్తం ఇవ్వడం, సాయంత్రానికి ఫోన్లో రిపోర్టు రావడం, అంకె తగ్గితే ఊపిరి పీల్చుకోవడం, పెరిగితే టెన్షన్ పడటం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1986లో ఈ పరీక్షకు మొదట అనుమతి ఇచ్చింది కూడా జబ్బు ఉన్నవాళ్లు ఎలా ఉన్నారో గమనించడానికే. కొత్తగా జబ్బును పట్టుకోవడానికి వాడొచ్చన్నది 1994లో. కొన్ని వందల రూపాయల్లో అయిపోయే ఈ పరీక్ష ఇన్నేళ్లు నిలబడిందంటే ఊరికే కాదు. చాలామందిలో, చాలాకాలం పాటు అది జబ్బు తీరును బాగానే చూపిస్తుంది.

చిక్కు జబ్బు ముదిరాక వస్తుంది. పీఎస్‌ఏ ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ఒక ప్రొటీన్. దాన్ని తయారుచేయించేది కణంలోని ఆండ్రోజన్ రిసెప్టర్, అంటే టెస్టోస్టిరాన్‌ను పట్టుకుని దాని పని జరిపించే మరో ప్రొటీన్. హార్మోన్ చికిత్సలో ఉన్న మనిషికి పీఎస్‌ఏ మళ్లీ పెరిగిందంటే సాధారణంగా ఆ రిసెప్టర్ ఏదో దారిలో మళ్లీ లేచిందని. ఏ దారిలో అన్నది ఆ అంకెలో ఉండదు. డోసిటాక్సెల్ లాంటి కీమో మొదలుపెట్టిన కొత్తలో మందు పనిచేస్తున్నా పీఎస్‌ఏ కొంతకాలం పెరగొచ్చు. అందుకే మొదటి 12 వారాల్లో ఒక్క పీఎస్‌ఏ పెరిగిందని మందు ఆపొద్దని 2016లో నిపుణుల బృందం చెప్పింది. దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి కూడా ఉంది. కొన్ని కణితులు ఆండ్రోజన్ రిసెప్టర్ మీద ఆధారపడటమే మానేసి న్యూరోఎండోక్రైన్ స్వభావానికి, అంటే నాడీకణాలను పోలిన స్వభావానికి, మారిపోతాయి. అప్పుడు లివర్‌లో గడ్డలు పెరుగుతున్నా పీఎస్‌ఏ తక్కువగానే ఉంటుంది, ఇంట్లోవాళ్లు అంతా బాగుందనే అనుకుంటారు.

ఈ ఖాళీని పూరించడానికే రక్తంలో తేలే డీఎన్‌ఏ ముక్కల మీద పదిహేనేళ్లుగా ఇంత పని జరుగుతోంది.

రక్తంలో కణాల బయట డీఎన్‌ఏ ఉంటుందని మాండెల్, మెటే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1948లోనే రాశారు. అప్పటికి డీఎన్‌ఏ ఆకారమే ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 1977లో క్యాన్సర్ రోగుల రక్తంలో ఈ డీఎన్‌ఏ ఎక్కువగా ఉంటుందనీ, రేడియేషన్ పనిచేసినవాళ్లలో తగ్గుతుందనీ గమనించారు. 1997లో డెన్నిస్ లో బృందం గర్భిణి రక్తంలో బిడ్డ డీఎన్‌ఏను పట్టుకుంది. ఈ రోజు హైదరాబాద్, విజయవాడల్లో గర్భిణులకు రాస్తున్న ఎన్‌ఐపీటీ పరీక్ష అందులోంచి వచ్చిందే. బిడ్డ క్రోమోజోముల కోసం చేసిన ఆ పరీక్షలో లెక్కలు ఎటూ పొంతన కుదరక, చివరికి తల్లికే తెలియని క్యాన్సర్ బయటపడిన సందర్భాలు ఉన్నాయి. రెండు పరీక్షల అడుగున ఉన్న విద్య ఒకటే అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కణం చనిపోయినప్పుడు దాని డీఎన్‌ఏ చిన్న చిన్న ముక్కలుగా తెగుతుంది. ఒక్కో ముక్క పొడవు ఇంచుమించు 167 అక్షరాలు, అంటే కణంలో డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే న్యూక్లియోజోమ్ అనే ప్రొటీన్ ఉండ చుట్టూ ఒకసారి పట్టేంత. ఈ ముక్కలు రక్తంలో ఎక్కువసేపు ఉండవు. నిమిషాల నుంచి రెండు గంటల్లోపు సగం మాయమవుతాయి. పీఎస్‌ఏ సగం తగ్గడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈ రోజు తీసిన రక్తంలో దొరికే డీఎన్‌ఏ ఈ రోజు జరిగినదాన్నే చెబుతుందన్న ఆశ అక్కడి నుంచి పుట్టింది.

ఆ ముక్కల్లో ఎక్కువ భాగం కణితివి కావు. మామూలుగా చనిపోయే రక్తకణాలవి, ముఖ్యంగా తెల్లకణాలవి. కణితి వాటా ఎంత అన్నదే ఈ పరీక్షకు ప్రాణం. ప్రయోగశాల రిపోర్టులో పెద్ద అక్షరాలతో ఉండే మ్యుటేషన్ల (డీఎన్‌ఏలో వచ్చిన మార్పుల) పేర్ల కంటే, ఎక్కడో ఒక మూల ట్యూమర్ ఫ్రాక్షన్ అని రాసే ఈ వాటా ముఖ్యమైంది. చాలామంది ఆ గడి చూడరు. కొన్ని రిపోర్టుల్లో ఆ గడే ఉండదు.

ఎందుకు ముఖ్యమో ఒక ట్యూబు లెక్క వేస్తే తెలుస్తుంది. 10 మిల్లీలీటర్ల రక్తం తీస్తే అందులో ప్లాస్మా, అంటే కణాలు పోగా మిగిలే ద్రవం, నాలుగైదు మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల చొప్పున అనుకుంటే మొత్తం సుమారు 25 నానోగ్రాముల డీఎన్‌ఏ. మనిషి జీనోమ్ ఒక ప్రతి బరువు సుమారు 3.3 పికోగ్రాములు, కాబట్టి ఆ ట్యూబులో ఒక్కో జన్యువుకు దాదాపు 7,500 ప్రతులు ఉన్నట్టు. కణితి వాటా 1 శాతమైతే కణితి నుంచి వచ్చినవి 75. మ్యుటేషన్ రెండు ప్రతుల్లో ఒకదాంట్లోనే ఉంటే 37 చోట్ల కనిపించాలి. వాటా 0.1 శాతానికి పడిపోతే మిగిలేవి మూడో నాలుగో. డీఎన్‌ఏను వేరుచేసేటప్పుడు కొంత పోతుంది, యంత్రం చదివేటప్పుడు తప్పులు కొన్ని వస్తాయి. ఆ మూడు నాలుగూ అందులో కలిసిపోతే రిపోర్టులో మ్యుటేషన్ లేదు అని వస్తుంది. నిజానికి ఆ రిపోర్టుకు అర్థం ఈ ట్యూబులో కనపడేంత లేదు అని మాత్రమే. మ్యుటేషన్ లేకపోవడం, కనపడకపోవడం అనే రెండింటికీ మధ్య తేడా తెలియకుండా ఈ రిపోర్టు చదవకపోవడమే మంచిది.

మ్యుటేషన్ అంటే అక్షరం మారడం ఒక్కటే కాదు. జన్యువు మొత్తం పోవచ్చు, లేదా ఎక్కువ ప్రతులు పెరిగిపోవచ్చు. మగవారి కణంలో ఆండ్రోజన్ రిసెప్టర్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఒకటే ఉంటుంది. కణితి దాన్ని 20 ప్రతులు చేసుకుందనుకుందాం. వాటా 10 శాతమే అయినా సగటు 1 నుంచి సుమారు 2.9కి చేరుతుంది, యంత్రానికి స్పష్టంగా తెలుస్తుంది. అదే 10 శాతం వాటాలో, డీఎన్‌ఏ మరమ్మతుకు పనికొచ్చే బీఆర్‌సీఏ2 జన్యువు రెండు ప్రతులూ పూర్తిగా పోయాయనుకుంటే, 100 ఉండాల్సిన చోట 90 కనిపిస్తుంది. ఆ మాత్రం హెచ్చుతగ్గులు మామూలు కొలతలోనే ఉంటాయి. పెరిగినది పట్టుకోవడం తేలిక, పోయినది పట్టుకోవడం కష్టం. చికిత్సకు పనికొచ్చే సమాచారం మాత్రం చాలాసార్లు పోయినదాంట్లోనే ఉంటుంది.

ఇక ఆండ్రోజన్ రిసెప్టర్ సంగతి కొంచెం వివరంగా చూడాలి. వృషణాలు తీసేసినా, ఇంజెక్షన్లతో టెస్టోస్టిరాన్ ఆపినా కొంతకాలానికి జబ్బు మళ్లీ కదులుతుంది. అందుబాటులో ఉన్న కొద్దిపాటి హార్మోన్‌ను కూడా పట్టుకునేలా కణితి రిసెప్టర్ జన్యువును గుణించుకుంటుంది. చికిత్స ఎరగని కణితిలో ఇది అరుదు, హార్మోన్ చికిత్సకు లొంగని దశకు వచ్చేసరికి దాదాపు సగం మందిలో కనిపిస్తుంది. ఇంకో దారి రిసెప్టర్ ఆకారమే మార్చుకోవడం. 1990ల మొదట్లో డాక్టర్లకు ఒక వింత ఎదురైంది. రిసెప్టర్‌ను అడ్డుకునే ఫ్లూటమైడ్ అనే మందు వాడుతుండగా పీఎస్‌ఏ పెరుగుతున్న కొందరిలో, మందు ఆపేస్తే పీఎస్‌ఏ తగ్గింది. అడ్డుకోవాల్సిన మందే మారిన రిసెప్టర్‌కు తాళంచెవిలా పనిచేస్తుండటం దానికి ఒక కారణమని తర్వాత తెలిసింది. అదే రకం మందైన బైకాలుటమైడ్ విషయంలో రిసెప్టర్‌లో వచ్చే డబ్ల్యూ742సీ అనే మార్పు ఇలాంటిదే. ఎల్702హెచ్ అనేది మరీ చిత్రమైంది. టెస్టోస్టిరాన్ తయారీని ఆపే అబిరాటెరోన్ మందుతో పాటు దుష్ప్రభావాలు రాకుండా ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. ఎల్702హెచ్ ఉన్న రిసెప్టర్ ఆ స్టెరాయిడ్‌నే హార్మోన్‌లా వాడుకోగలదు. లండన్‌లో గెర్హార్డ్ అటార్డ్ బృందం ఒకే రోగి నుంచి పలుమార్లు తీసిన ప్లాస్మాలో ఈ మార్పు క్రమంగా తలెత్తడాన్ని చూపించింది. ఎముకకు సూది పెట్టి బయాప్సీ తీస్తే ఆ ఒక్క చోటి సంగతే తెలిసేది. నెలనెలా ఎముక నుంచి ముక్క తీయడం ఎలాగూ అయ్యే పని కాదు.

కెనడాలోని వాంకూవర్‌లో కిమ్ చీ, అలెగ్జాండర్ వయట్ బృందం ఇదే దారిలో వందల మంది ప్లాస్మాను చదివింది. 2018లో వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో మొదటిసారి అబిరాటెరోన్ లేదా రిసెప్టర్‌ను అడ్డుకునే ఎన్‌జాలుటమైడ్ మొదలుపెట్టిన 202 మంది ఉన్నారు. బీఆర్‌సీఏ2 లేదా ఏటీఎం అనే మరో మరమ్మతు జన్యువు దెబ్బతిన్నవాళ్లలో, కణితులు పెరగకుండా కాపాడే టీపీ53 జన్యువు పాడైనవాళ్లలో ఆ మందులు తక్కువకాలం పనిచేశాయి. ఇలాంటి సమాచారం జబ్బు ఎంత మొండిదో చెబుతుంది. ఏ మందు ఇవ్వాలో చెప్పడం వేరే సంగతి. ప్రయోగశాలల ప్రచార పత్రాల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయి. రిసెప్టర్ ప్రతులు పెరిగాయని తెలిస్తే ఆ రోగికి గడ్డుకాలమని తెలుస్తుంది, కానీ దాన్నిబట్టి ఫలానా మందే ఇస్తే ఎక్కువకాలం బతుకుతాడని తేల్చిన పెద్ద ప్రయోగం ఇంకా చేతిలో లేదు.

మందును నిజంగా మార్చే గుర్తు బీఆర్‌సీఏ2. డీఎన్‌ఏ తెగినప్పుడు సరిగ్గా అతికించే యంత్రాంగంలో అది ముఖ్యమైన భాగం. అది పోయిన కణితిలో ఒలాపారిబ్ లాంటి పార్ప్ నిరోధకాలు, అంటే డీఎన్‌ఏ మరమ్మతులో పాలుపంచుకునే పార్ప్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే మందులు, బాగా పనిచేస్తాయి. 2020లో ప్రచురితమైన ప్రొఫౌండ్ ప్రయోగంలో బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, ఏటీఎంలలో ఒకటి దెబ్బతిన్న రోగులకు ఒలాపారిబ్ ఇస్తే స్కాన్‌లో జబ్బు పెరగకుండా ఉన్న మధ్యస్థ కాలం (మీడియన్) 7.4 నెలలు, హార్మోన్ మందు మార్చి ఇచ్చినవాళ్లలో 3.6 నెలలు. మేలు ఎక్కువగా బీఆర్‌సీఏ జన్యువులు పోయినవాళ్లకే దక్కింది.

ఆ ప్రయోగంలోనే ఇంకో అంకె ఉంది. కణితి ముక్కలను, ఎక్కువగా అప్పటిదాకా భద్రపరిచినవాటిని, 4,047 మంది నుంచి తీసుకుని పరీక్షిస్తే సరైన ఫలితం వచ్చింది 2,792 మందికి, అంటే 69 శాతం. మిగిలినవాళ్ల ముక్క చాలా చిన్నది, లేదా డీఎన్‌ఏ పాడైపోయింది. ప్రోస్టేట్ బయాప్సీలో వచ్చేది దారంలాంటి సన్న ముక్క. మైనపు బ్లాకులో ఏళ్ల తరబడి ఉంటే డీఎన్‌ఏ ఇంకా చివికిపోతుంది. ఎముక నుంచి తీసిన ముక్కను మెత్తబరచడానికి వాడే ఆమ్లం డీఎన్‌ఏను తినేస్తుంది. రక్తపరీక్ష అవసరం ఇక్కడ నిజమైంది. 2020 చివర్లో ఫౌండేషన్‌వన్ లిక్విడ్ సీడీఎక్స్ అనే ప్లాస్మా పరీక్షను ఒలాపారిబ్‌కు రోగుల్ని ఎంచడానికి ఎఫ్‌డీఏ అనుమతించింది.

ప్రొఫౌండ్‌కు వచ్చినవాళ్లలోనే 619 మంది రక్తాన్ని తర్వాత పరీక్షించి కణితి ముక్క ఫలితంతో సరిపోల్చారు. 81 శాతం మందికి ఫలితం వచ్చింది. ముక్కలో మ్యుటేషన్ ఉన్నవాళ్లలో 81 శాతం మందికి రక్తంలోనూ కనిపించింది. ముక్కలో లేదన్నవాళ్లలో 92 శాతం మందికి రక్తంలోనూ లేదు. బాగానే ఉంది. అయితే ముక్కలో మ్యుటేషన్ ఉన్న ప్రతి ఐదుగురిలో ఒకరిని రక్తం వదిలేసిందని కూడా ఇదే లెక్క చెబుతోంది. రక్తంలో లేదని వచ్చి, కణితి వాటా కూడా తక్కువగా ఉంటే, బ్లాకు వెతికించడమో, జబ్బు పెరిగాక మళ్లీ రక్తం పంపడమో చేయాలి. ఆ రిపోర్టును ఆఖరి మాటగా తీసుకుంటే ఒక పనికొచ్చే మందు చేజారిపోతుంది.

రెండోవైపు తప్పు కూడా జరుగుతుంది. ఉండని మ్యుటేషన్ ఉన్నట్టు రావడం. వయసు పెరిగేకొద్దీ ఎముక మజ్జలోని ఏదో ఒక మూలకణంలో మార్పు వచ్చి దాని సంతతి రక్తంలో ఎక్కువవుతుంది. ఇది క్యాన్సర్ కాదు, అరవై డెబ్బై దాటినవాళ్లలో మామూలే. కానీ ప్లాస్మాలో ఉండే డీఎన్‌ఏలో ఎక్కువ భాగం తెల్లకణాలదే కాబట్టి ఆ మార్పు కణితి ఖాతాలో పడిపోతుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం 2021లో ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 69 మందిని పరిశీలిస్తే, ఏడుగురిలో పార్ప్ మందుకు అర్హత ఇచ్చే జన్యువుల్లో కనిపించిన మార్పు నిజానికి రక్తకణాలదని తేలింది. అందులో ఎక్కువ ఏటీఎంలో. అంటే పది మందిలో ఒకరికి, పనిచేయని ఖరీదైన మందు ఇచ్చి, రక్తహీనత తెప్పించే అవకాశం ఉందన్నమాట. పరిష్కారం పెద్ద విద్యేమీ కాదు. అదే ట్యూబులో అడుగున మిగిలే తెల్లకణాలను కూడా పక్కన చదివి, రెండింట్లోనూ ఉన్నదాన్ని కణితి లెక్కలోంచి తీసేయాలి. కొన్ని ప్రయోగశాలలు చేస్తాయి, కొన్ని చేయవు. పరీక్షకు డబ్బు కట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఇది.

చికిత్స నడుస్తుండగా గమనించడం అనే అసలు పనికి వస్తే, ఇక్కడ ఆశ ఎక్కువ, రుజువు సగం. మందు మొదలుపెట్టిన నాలుగు వారాలకు కణితి వాటా కనపడనంతగా తగ్గినవాళ్లకు అబిరాటెరోన్, ఎన్‌జాలుటమైడ్ ఎక్కువకాలం పనిచేశాయనీ, అప్పటికీ కనిపిస్తూనే ఉన్నవాళ్లలో త్వరగా జబ్బు తిరగబెట్టిందనీ నెదర్లాండ్స్‌లోని నైమెగన్ బృందం చూపింది. ఆస్ట్రేలియాలో సిడ్నీ బృందం వేరే దారి పట్టింది. జీఎస్‌టీపీ1 అనే జన్యువు దాదాపు అన్ని ప్రోస్టేట్ క్యాన్సర్లలోనూ మిథైల్ గుర్తులతో (డీఎన్‌ఏకు అంటుకునే చిన్న రసాయన గుర్తులతో) మూతపడి ఉంటుంది. ఒక్కో రోగిలో ఏ మ్యుటేషన్ ఉందో ముందు వెతకక్కర్లేకుండా, ఆ మిథైల్ గుర్తున్న ముక్కలు ప్లాస్మాలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే చాలు. కీమో మొదలైన కొద్ది వారాల్లో ఆ లెక్క తగ్గినవాళ్లు మెరుగ్గా ఉన్నారు. ఖర్చు తక్కువ పద్ధతి కాబట్టి మన లాంటి చోట్లకు ఇలాంటిదే ఎక్కువ నప్పుతుందనిపిస్తుంది, అది రోజువారీ పరీక్షగా ఇంకా మారలేదు.

పార్ప్ మందు పనిచేయడం మానేసినప్పుడు రక్తం చెప్పే సంగతి అన్నిటికంటే ఆశ్చర్యకరం. ముందు చెడిన బీఆర్‌సీఏ2లో రెండో మార్పు వచ్చి, తప్పిన అక్షరాల వరుస మళ్లీ కుదురుకుంటుంది. జన్యువు బాగుపడుతుంది, కణితి బతికిపోతుంది. ఒకే మనిషి ప్లాస్మాలో ఇలాంటి మరమ్మతులు ఒకటికి మించి, రకరకాలుగా కనిపించిన సందర్భాలున్నాయి. ఒక్క గడ్డను బయాప్సీ చేస్తే ఇది తెలిసేది కాదు.

ఇంత తెలిసినా రక్తంలో కణితి డీఎన్‌ఏ పెరిగిందన్న ఒక్క కారణంతో, స్కాన్ బాగుండగా మందు మార్చమని ఇప్పటి మార్గదర్శకాలు చెప్పవు. ముందే మారిస్తే రోగికి మేలు జరుగుతుందా, ఉన్న కొద్ది మందుల్లో ఒకటి తొందరగా అయిపోతుందా అన్నది తేలాలి. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా వైద్య విశ్వవిద్యాలయం కేంద్రంగా ప్రోబయో అనే ప్రయోగం రక్తంలోని గుర్తులను బట్టి మందు ఎంచితే ఏమవుతుందో రోగుల్ని లాటరీ పద్ధతిలో విడగొట్టి చూస్తోంది. ఆ తరహా ప్రయోగాలే ఈ ప్రశ్నను తేల్చగలవు.

అప్పటిదాకా రక్తం ఎప్పుడు తీయాలన్నది తెలిసి ఉండటం ముఖ్యం. హార్మోన్ చికిత్స మొదలైతే కణితి డీఎన్‌ఏ రక్తంలో వేగంగా పడిపోతుంది. వాంకూవర్ బృందమే 2019లో, కొత్తగా జబ్బు బయటపడినవాళ్లలో చికిత్సకు ముందు తీసిన రక్తానికీ, మొదలుపెట్టిన తర్వాత తీసిన రక్తానికీ చాలా తేడా చూపింది. మన దగ్గర చాలామంది ఎముకలకు పాకాకే ఆస్పత్రికి వస్తారు, నొప్పి తగ్గడానికి వెంటనే ఇంజెక్షన్ ఇవ్వడమో, వృషణాలు తీసేసే ఆపరేషన్ చేయడమో జరుగుతుంది. అది సరైనదే, ఆలస్యం చేయకూడదు. ఆ తర్వాత రెండు నెలలకు పీఎస్‌ఏ అడుగంటినప్పుడు పదుల వేల రూపాయలు పోసి ప్లాస్మా పరీక్ష చేయిస్తే మాత్రం దాదాపు ఖాళీ ట్యూబుకు డబ్బు కట్టినట్టే. పీఎస్‌ఏ పెరుగుతూ, లేదా స్కాన్‌లో జబ్బు ముదురుతూ ఉన్నప్పుడు, కొత్త మందు మొదలుపెట్టకముందు తీస్తేనే అందులో చదవడానికి ఏదైనా ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఆపే మామూలు ఈడీటీఏ ట్యూబులో తీసిన రక్తం నుంచి కొన్ని గంటల్లోనే ప్లాస్మా వేరు చేయాలి. ఆలస్యమైతే తెల్లకణాలు పగిలి వాటి డీఎన్‌ఏ కలిసి కణితి వాటాను పలచన చేస్తుంది. జిల్లా కేంద్రం నుంచి కొరియర్‌లో వేరే ఊరికి వెళ్లే నమూనాకైతే కణాలు పగలకుండా కాపాడే ప్రత్యేక ట్యూబు తప్పనిసరి.

బీఆర్‌సీఏ2 అని రిపోర్టు వచ్చిన ఇంట్లో ఇంకో పని మిగులుతుంది. జబ్బు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 692 మందిని పరీక్షించిన 2016 నాటి అధ్యయనంలో 11.8 శాతం మందికి డీఎన్‌ఏ మరమ్మతు జన్యువుల్లో లోపం పుట్టుకతోనే ఉంది, 5.3 శాతం మందికి అది బీఆర్‌సీఏ2లో. ప్లాస్మా పరీక్ష కణితిలో వచ్చినదాన్నీ, పుట్టుకతో వచ్చినదాన్నీ కచ్చితంగా విడదీసి చెప్పడానికి తయారైంది కాదు. అందుకు రక్తకణాల మీదో లాలాజలం మీదో వేరే పరీక్ష చేయించాలి. పుట్టుకతో వచ్చినదని తేలితే ఆయన తోబుట్టువులకూ పిల్లలకూ, ఒక్కొక్కరికీ అది ఉండే అవకాశం రెండింట ఒకటి. ఆడవాళ్లలో అది రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచుతుంది. ప్రోస్టేట్ జబ్బు మగవాళ్లదనుకుని కూతుళ్లకు ఆ రిపోర్టు చూపించని ఇళ్లు చాలానే ఉంటాయి. ఆ కాయితం ముందుగా చేరాల్సింది వాళ్ల చేతికే.